ఊపిరితిత్తుల శోథానికి లైపోజోమ్ డెక్సామెథాసోన్: రూపకల్పన నుంచి జంతు పరీక్ష దాకా

వైరస్ వల్ల వచ్చే తీవ్రమైన న్యుమోనియాలో రోగిని కుంగదీసేది చాలాసార్లు వైరస్ ఒక్కటే కాదు. దానిని తరిమే ప్రయత్నంలో శరీరం రేపిన శోథం (ఇన్‌ఫ్లమేషన్) అదుపు తప్పి, ఊపిరితిత్తుల్లోని గాలిగదుల గోడలను దెబ్బతీసి, వాటిని ద్రవంతో నింపేస్తుంది. ఆ శోథాన్ని అణచే మందును నానో వాహకంలో, అంటే ఇక్కడ లైపోజోమ్ అనే అతి సూక్ష్మమైన కొవ్వు గుళికలో, పెట్టి, అవసరమైన చోటికి, అవసరమైన రోజున చేర్చడానికి ఒక పరిశోధనను ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడెక్కడ ఆగి సరిచూసుకోవాలో ఈ మార్గదర్శి వివరిస్తుంది. ఇది ఫార్మసీ, బయోటెక్నాలజీ చదువుతున్న స్నాతకోత్తర విద్యార్థులనూ పరిశోధకులనూ ఉద్దేశించి రాసినది. ఇందులో చెప్పిన ఏ మిశ్రమాన్నీ మనుషుల మీద ప్రయోగించకూడదు. ఇంజెక్షన్ కోసం తయారైన స్టెరాయిడ్‌ను నెబులైజర్‌లో పోసి పీల్చడం వంటి పనులు వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఎవరూ చేయకూడదు.

ఉదాహరణగా డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్‌ను ఎంచుకున్నాను. దానికి బలమైన కారణం ఉంది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే క్లినికల్ పరీక్షలో రోజుకు 6 మి.గ్రా. చొప్పున పది రోజుల వరకు ఈ మందును ఇచ్చినప్పుడు, వెంటిలేటర్ మీద ఉన్న కోవిడ్ రోగుల్లో 28 రోజుల మరణాల శాతం 41.4 నుంచి 29.3కు తగ్గింది. ఆక్సిజన్ మాత్రమే తీసుకుంటున్నవారిలో 26.2 నుంచి 23.3కు తగ్గింది. అయితే ఆక్సిజన్ అవసరమే లేనివారిలో మేలు కనిపించలేదు సరికదా, మందు తీసుకున్నవారిలో మరణాల శాతం 17.8గా, తీసుకోనివారిలో 14.0గా నమోదైంది. ఆ చివరి తేడాను గణాంకపరంగా హాని అని తేల్చి చెప్పలేకపోయినా, దాన్ని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. ఒకే మందు ఒకరికి ప్రాణం పోస్తూ మరొకరికి అక్కరకు రాకుండా పోయిందంటే, అది ఎప్పుడు, ఎక్కడ పనిచేసింది అన్నదే అసలు ప్రశ్న. నానో వాహకం చేయగలిగింది ఏదైనా ఉంటే అది ఆ ప్రశ్నకు సంబంధించే ఉండాలి.

తెలుగు రాష్ట్రాల పాఠకులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 2021 మే, జూన్ నెలల్లో హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి బ్లాక్ ఫంగస్ రోగులు వరస కట్టారు. వారిలో మధుమేహం ఉండి, కోవిడ్ కోసం స్టెరాయిడ్లు వాడినవారు ఎక్కువ. స్టెరాయిడ్ ఊపిరితిత్తులకే పరిమితం కాకుండా ఒళ్లంతా పాకి, రక్తంలో చక్కెరను పెంచి, రోగనిరోధక శక్తిని కుంగదీసినప్పుడు ఏం జరుగుతుందో అప్పుడు చూశాం. ఆ ఫంగస్‌కు ఇచ్చిన ప్రధానమైన మందు లైపోజోమల్ ఆంఫోటెరిసిన్-బి. దానికోసం కుటుంబాలు ఊరూరా వెతికాయి. మూత్రపిండాలను తీవ్రంగా దెబ్బతీసే ఆంఫోటెరిసిన్‌ను కొవ్వు గుళికలో పెట్టి ఆ విషప్రభావాన్ని తగ్గించగలిగినట్టే, స్టెరాయిడ్ చెడును కూడా తగ్గించగలమా అన్నది న్యాయమైన ఆలోచన.

ముందు రోగిని, రోజును నిర్ణయించుకోండి

గుళికలకు కావలసిన లిపిడ్లు (కొవ్వు పదార్థాలు) కొనడానికి ముందు ఒక పేజీ రాసుకోవాలి. ఏ వైరస్, వ్యాధి ఎన్నో రోజు, రోగి ఏ స్థితిలో ఉన్నాడు అన్న మూడు విషయాలు అందులో ఉండాలి. కోవిడ్‌లో మొదటి వారం వైరస్ విస్తృతంగా పెరిగే కాలం. శోథం ముదిరేది సాధారణంగా ఆ తర్వాత. రికవరీ పరీక్షలో కూడా లక్షణాలు మొదలై ఏడు రోజులు దాటినవారికే మేలు ఎక్కువగా కనిపించింది. కాబట్టి వాహకం ఎంత గొప్పదైనా దానిని మూడో రోజున ఇస్తే, వైరస్‌ను అదుపు చేస్తున్న ఇంటర్‌ఫెరాన్ అనే రక్షక ప్రోటీన్ల నోరు మనమే నొక్కినట్టవుతుంది.

ఒక వైరస్‌కు నిలిచిన వాదన మరొకదానికి నిలవదు. ఇన్‌ఫ్లుయెంజా న్యుమోనియాలో స్టెరాయిడ్లు వాడినవారిలో మరణాలు ఎక్కువగా ఉన్నట్టు అనేక పరిశీలనాత్మక అధ్యయనాలు చూపించాయి. తీవ్రమైన రోగులకే స్టెరాయిడ్ ఇవ్వడం వల్ల ఆ అంకెలు కొంత వక్రించి ఉండవచ్చు. అయినా కోవిడ్ ఫలితాన్ని ఇన్‌ఫ్లుయెంజాకు యథాతథంగా అంటగట్టడం సరికాదు. ఈ మార్గదర్శిలో నేను పెట్టుకున్న లక్ష్యం ఇది: కోవిడ్ న్యుమోనియాతో రెండో వారంలోకి వచ్చి, ఆక్సిజన్ తీసుకుంటూ, తన శ్వాస తానే పీల్చుకోగలుగుతున్న రోగి. కింద చెప్పే ప్రతి నిర్ణయం ఈ రోగికి సరిపోతుందో లేదో చూసే తీసుకున్నాను.

రక్తం దారి, శ్వాస దారి

శోథం వచ్చిన ఊపిరితిత్తుల్లో రక్తనాళాల గోడలు వదులవుతాయి. సిరలోకి ఎక్కించిన 100 నానోమీటర్ల గుళికలు ఆ ఖాళీల గుండా కొంతమేరకు బయటికి చేరగలవు. కానీ ఎక్కించినదానిలో పెద్ద భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. శ్వాస దారిలో మందు నేరుగా గాలిగదులకు చేరుతుంది, మొత్తం మోతాదు తగ్గుతుంది. అయితే ద్రవంతో నిండి మూసుకుపోయిన భాగాలకు గాలే వెళ్లదు కాబట్టి తుంపర కూడా వెళ్లదు. అందుకే వెంటిలేటర్ మీద ఉన్న రోగికి సిర దారి మెరుగు కావచ్చు, నేను ఎంచుకున్న రోగికి శ్వాస దారి మెరుగు. పీల్చే లైపోజోమ్ అనేది ఊహ కాదు. అమికాసిన్ అనే యాంటీబయాటిక్‌ను డీపీపీసీ అనే లిపిడ్, కొలెస్ట్రాల్ కలిసిన గుళికల్లో పెట్టి నెబులైజర్ ద్వారా ఇచ్చే మందుకు అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. క్షయ జాతికి చెందిన ఒక మొండి బాక్టీరియా సోకిన ఊపిరితిత్తులకు దానిని వాడతారు. పీల్చే స్టెరాయిడ్ విషయంలోనూ కొంత ఆధారం ఉంది. బ్రిటన్‌లో ప్రిన్సిపుల్ అనే పరీక్షలో ఇంట్లోనే ఉన్న పెద్ద వయసు కోవిడ్ రోగులు బ్యుడెసొనైడ్‌ను పీల్చినప్పుడు దాదాపు మూడు రోజులు ముందుగా కోలుకున్నట్టు తేలింది.

ఆ బ్యుడెసొనైడ్‌కు ఏ నానో వాహకమూ లేదన్న సంగతి పరిశోధకుడు మరిచిపోకూడదు. చవకగా దొరికే మామూలు ఇన్‌హేలర్ కన్నా మీ గుళిక ఏం ఎక్కువ చేస్తుంది? నా సమాధానం ఇది: కరిగిన స్టెరాయిడ్ గాలిగది గోడను దాటి త్వరగానే రక్తంలో కలిసిపోతుంది, గుళిక దానిని ఊపిరితిత్తుల్లోనే ఎక్కువసేపు నిలపగలగాలి, దానితోపాటు శోథానికి కేంద్రమైన మాక్రోఫేజ్ కణాలు మింగేలా చేయగలగాలి. ఈ రెండూ ప్రయోగంలో రుజువు కాకపోతే పని అక్కడితో ఆపేయడమే నిజాయతీ.

మందును గుళికలో నిలపడమే అసలు పని

కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవారు పరిమాణం మీద, గుళిక ఉపరితలానికి అతికించే మానోజ్, ఫోలేట్ వంటి గుర్తుల మీద నెలలు వెచ్చిస్తారు. నేనైతే ఆ సమయంలో ఎక్కువ భాగాన్ని ఒకే ప్రశ్న మీద పెట్టమంటాను. గుళిక చేరేదాకా మందు లోపల ఉంటుందా? డెక్సామెథాసోన్ విషయంలో మామూలుగా తయారుచేస్తే ఉండదు.

కారణం దాని రసాయన స్వభావంలో ఉంది. డెక్సామెథాసోన్ నీటిలో చాలా తక్కువగా, లీటరుకు సుమారు 0.1 గ్రాము మాత్రమే కరుగుతుంది. అందువల్ల అది గుళిక మధ్యలోని నీటిలో కాక గోడలోని కొవ్వు పొరలో చేరుతుంది. ఆ పొరలో కొలెస్ట్రాల్ కూర్చునే చోటికే ఇది కూడా పోటీ పడుతుంది, ఎందుకంటే రెండిటికీ స్టెరాయిడ్ చట్రమే ఆధారం. పొరలో పట్టేది కొద్దిగానే. పట్టినది కూడా గుళికలను పలుచన చేయగానే బయటి ద్రవంలోకి జారిపోతుంది. సీసాలో 90 శాతం బంధన (గుళికల్లో చిక్కిన మందు శాతం) కనిపించి, రక్తరసంలోనో ఊపిరితిత్తుల ద్రవంలోనో కలిపిన గంటలోపే దాదాపు ఖాళీ అయ్యే మిశ్రమాలకు మూలం ఇదే.

దీనికి మూడు దారులు ఉన్నాయి. మొదటిది నీటిలో కరిగే డెక్సామెథాసోన్ ఫాస్ఫేట్‌ను గుళిక నీటి భాగంలో బంధించడం. ఇది లోపల బాగా నిలుస్తుంది, కానీ గుళిక ఏర్పడేటప్పుడు లోపల చిక్కుకున్న నీటిలో ఎంత ఉంటే అంతే దక్కుతుంది, మిగిలిన మందు వృథా. రెండోది మందుకు పామిటిక్ ఆమ్లం తోకను తగిలించి కొవ్వులో గట్టిగా పాతుకునేలా చేయడం. డెక్సామెథాసోన్ పామిటేట్ ఎమల్షన్‌ను జపాన్‌లో కీళ్లవాతానికి ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. మూడోది డెక్సామెథాసోన్ హెమీసక్సినేట్‌ను (సక్సినిక్ ఆమ్లాన్ని ఎస్టర్ బంధంతో తగిలించిన మందును) కాల్షియం అసిటేట్ ప్రవణతతో, అంటే గుళిక లోపలికీ బయటికీ మధ్య ఉన్న గాఢత తేడాతో, లోపలికి లాగడం. విద్యార్థికి ఎక్కువ నేర్పేదీ, తక్కువ మందు వృథా చేసేదీ ఇదే కాబట్టి కింద దీనినే వివరిస్తాను.

అది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. గుళిక లోపల కాల్షియం అసిటేట్ ఉంటుంది, బయట ఉండదు. లోపలి అసిటేట్ అయాన్లు ప్రోటాన్లను పట్టుకుని, ఆవేశం లేని అసిటిక్ ఆమ్లంగా మారి పొరను దాటి బయటికి వెళ్లిపోతుంటాయి. ఆ క్రమంలో లోపలి ద్రవం క్షారంగా మారుతుంది. బయట ఉన్న హెమీసక్సినేట్ బలహీన ఆమ్లం, అందులో ఆవేశం లేని కొద్ది భాగం పొరను దాటి లోపలికి వస్తుంది. లోపలి క్షారంలో అది అయాన్‌గా మారి, కాల్షియంతో కలిసి అవక్షేపమై, తిరిగి బయటికి పోలేక నిలిచిపోతుంది. శరీరంలోని ఎస్టరేజ్ ఎంజైములు ఆ తర్వాత హెమీసక్సినేట్‌ను తుంచి అసలు డెక్సామెథాసోన్‌ను విడుదల చేస్తాయి.

ప్రయోగశాలలో తయారీ

పది మిల్లీలీటర్ల బ్యాచ్‌తో మొదలుపెట్టండి. మొత్తం లిపిడ్ 400 మైక్రోమోళ్లు. అందులో హైడ్రోజనీకృత సోయా ఫాస్ఫాటిడైల్‌కోలీన్ 55 శాతం, కొలెస్ట్రాల్ 40 శాతం, పీఈజీ-2000 అనే పాలిమర్ తగిలించిన డీఎస్‌పీఈ అనే లిపిడ్ 5 శాతం మోళ్ల లెక్కన తీసుకుంటే, బరువులో అవి వరుసగా సుమారు 172, 62, 56 మి.గ్రా. అవుతాయి. ఇందులో మొదటి లిపిడ్ 50 డిగ్రీల సెల్సియస్ దాటాకే మెత్తబడుతుంది. శరీరపు వేడి దగ్గర, పేరిన నెయ్యిలా గట్టిగా ఉండి మందును పట్టి ఉంచుతుంది. ఊపిరితిత్తుల సహజ సర్ఫాక్టెంట్‌లో (గాలిగదులు ముడుచుకుపోకుండా కాపాడే పూతలో) ప్రధానమైన డీపీపీసీకి ఆ హద్దు 41 డిగ్రీలు. దానితో తయారైన గుళిక శరీరానికి మరింత చుట్టమే అయినా కొంత త్వరగా కారుతుంది. రెండిటినీ చేసి పోల్చడం మంచి పరిశోధనాంశం. పీఈజీ ఇక్కడ ప్రధానంగా గుళికలు ఒకదానికొకటి అతుక్కోకుండా చూడటానికే. కాల్షియం ఉన్న ద్రవంలో ఆ రక్షణ తప్పనిసరి.

క్లోరోఫామ్‌లో కరిగించి రోటరీ ఇవాపరేటర్‌లో పలుచని పొరగా ఆరబెట్టే పద్ధతి పాఠ్యపుస్తకాల్లో ముందుగా కనిపిస్తుంది. అది పనిచేస్తుంది, కానీ అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం మందులో మిగిలిపోయే క్లోరోఫామ్ పదిలక్షల్లో 60 భాగాలు మించకూడదు, పీల్చే మందులో దానిని రుజువు చేయడం అదనపు భారం. అందుకే ఇథనాల్ పద్ధతిని సూచిస్తాను. లిపిడ్లను ఒక మిల్లీలీటరు ఇథనాల్‌లో 65 డిగ్రీల దగ్గర పూర్తిగా కరిగించి, అదే వేడిలో కలుపుతున్న తొమ్మిది మిల్లీలీటర్ల 200 మిల్లీమోలార్ కాల్షియం అసిటేట్ ద్రావణంలోకి సూదితో సన్నని ధారగా వదలాలి. ఆ ద్రావణం ముందుగానే అదే వేడికి చేరి ఉండాలి, లేకపోతే కొవ్వు ముద్దలు కడుతుంది.

తర్వాత 65 డిగ్రీల దగ్గరే ఎక్స్‌ట్రూడర్‌లో 400, 200, 100 నానోమీటర్ల పాలికార్బొనేట్ పొరల గుండా వరుసగా, ఒక్కొక్క దానిలో పదిసార్లు పంపాలి. పొర మీద పీడనం ఒక్కసారిగా పెరిగితే బలవంతంగా తోయకండి, అది చాలాసార్లు వేడి తగ్గిందనడానికి గుర్తు. చివరికి 100 నుంచి 130 నానోమీటర్ల మధ్య, పాలిడిస్పర్సిటీ సూచిక (గుళికల పరిమాణాల్లో ఎంత తేడా ఉందో చెప్పే అంకె) 0.15 కన్నా తక్కువ ఉన్న పాలవంటి ద్రవం రావాలి.

ఇప్పుడు బయటి కాల్షియం అసిటేట్‌ను పూర్తిగా తీసేయాలి. 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో, కనీసం నాలుగుసార్లు ద్రవం మారుస్తూ, డయాలిసిస్ (చిన్న అణువులు మాత్రమే దాటగల సంచిలో పెట్టి కడగడం) చేయాలి. ఈ దశలో తొందరపడితే ప్రవణతే ఏర్పడదు, తర్వాత ఎంత కష్టపడినా మందు లోపలికి వెళ్లదు. మరో జాగ్రత్త కూడా ఉంది. లోపలి ద్రవపు ద్రవాభిసరణ (ఆస్మాటిక్) బలం బయటిదాని కన్నా ఎక్కువ కాబట్టి నీరు లోపలికి చొరబడి గుళికలు ఉబ్బవచ్చు. డయాలిసిస్‌కు ముందూ తర్వాతా పరిమాణాన్ని కొలిచి పోల్చండి, తేడా ఎక్కువగా ఉంటే బయటి ద్రవానికి సుక్రోజ్ కలిపి దాని బలాన్ని పెంచండి. ప్రవణత ఎక్కువకాలం నిలవదు, అందుకే మందును అదే రోజు ఎక్కించాలి.

ప్రతి అయిదు లిపిడ్ మోళ్లకు ఒక మోలు మందు లెక్కన, 80 మైక్రోమోళ్ల హెమీసక్సినేట్ సోడియం లవణం అంటే సుమారు 41 మి.గ్రా. తూచి, కొద్ది నీటిలో కరిగించి కలపండి. 60 నుంచి 65 డిగ్రీల దగ్గర 30 నుంచి 60 నిమిషాలు మెల్లగా కలుపుతూ ఉంచి, వెంటనే మంచునీటిలో చల్లార్చండి. ఆ వేడిలోనే ఎస్టర్ బంధం కొంత తెగిపోవచ్చు. కాబట్టి హెచ్‌పీఎల్‌సీలో (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే పరికరంలో) హెమీసక్సినేట్ శిఖరంతోపాటు విడి డెక్సామెథాసోన్ శిఖరాన్ని కూడా చూడాలి. రెండూ 240 నానోమీటర్ల దగ్గర బాగా కనిపిస్తాయి. విడి డెక్సామెథాసోన్ ఎక్కువగా ఉంటే, అది పొరలో చేరి కారిపోయే పాత సమస్యే వెనక్కి వచ్చినట్టు. లోపలికి వెళ్లని మందును పరిమాణాన్ని బట్టి వేరుచేసే సెఫడెక్స్ జీ-50 స్తంభం గుండా పంపిగానీ, మళ్లీ డయాలిసిస్ చేసిగానీ తొలగించండి. 80 శాతం మందు లోపలికి వెళ్లి, ఘనపరిమాణం మారకుండా ఉంటే, మీ చేతిలో మిల్లీలీటరుకు దాదాపు 2.5 మి.గ్రా. డెక్సామెథాసోన్‌కు సమానమైన మందు ఉన్నట్టు లెక్క.

విడుదలను కొలిచే తీరు

పరిమాణం, జీటా పొటెన్షియల్ (గుళిక ఉపరితల ఆవేశపు కొలత), క్రయో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాలు అన్నీ అవసరమే. వాటి గురించి ఎక్కువ చెప్పను, ఏ ప్రయోగశాలలోనైనా అవి అలవాటైనవే. లెక్క తప్పేది విడుదల పరీక్షలో.

గుళికలను డయాలిసిస్ సంచిలో పెట్టి బయటి ద్రవంలో మందును కొలిచినప్పుడు, అది గుళిక నుంచి సంచిలోకి రావడానికి పట్టిన సమయమూ, సంచి గోడను దాటడానికి పట్టిన సమయమూ కలిసిపోతాయి. విడి మందును మాత్రమే అదే సంచిలో పెట్టి ఎంతసేపట్లో బయటికి వచ్చిందో కొలవకపోతే, సంచి చేసిన ఆలస్యాన్ని గుళిక గొప్పతనంగా పొరబడతాం. ప్రచురితమైన ఎన్నో వక్రరేఖల్లో ఈ పోలిక లేకపోవడం బాధాకరం. రెండో విషయం, ఉత్త బఫర్‌లో కొలవడం చాలదు. బఫర్‌లో మందును లాక్కునే ప్రోటీనూ కొవ్వూ ఉండవు. సగం రక్తరసం కలిపిన ద్రవంలోనూ, సర్ఫాక్టెంట్ కలిపిన కృత్రిమ ఊపిరితిత్తుల ద్రవంలోనూ 37 డిగ్రీల దగ్గర 24 గంటలపాటు కొలవాలి. పీల్చే గుళిక మొదటగా తాకేది సర్ఫాక్టెంట్‌నే. నవజాత శిశువులకు వాడే, జంతువుల ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్ మందు కొద్దిగా దొరికినా ఈ పరీక్షకు సరిపోతుంది.

ఈ రెండు ద్రవాల్లో మొదటి గంటలోనే మందులో సగానికి పైగా కారిపోతే ముందుకు వెళ్లకండి. లిపిడ్‌ను మార్చండి లేదా మందు నిష్పత్తి తగ్గించి మళ్లీ ఎక్కించండి. కణాల మీద, జంతువుల మీద చేసే పరీక్షలన్నీ ఖర్చుతో కూడినవి, ఒక ప్రాణితో ముడిపడినవి. కారిపోయే గుళికతో అవి చేయడం ఆ రెండిటినీ వృథా చేయడమే.

నెబులైజర్‌లో పోసే ముందు, పోసిన తర్వాత

నానో గుళిక ఒంటరిగా ఊపిరితిత్తుల్లో దిగదు. అది నీటి తుంపరలో కూర్చుని వెళ్తుంది కాబట్టి లోపలికి ఎంత దూరం చేరుతుందో నిర్ణయించేది తుంపర పరిమాణమే. ఏరోడైనమిక్ వ్యాసం ఒకటి నుంచి అయిదు మైక్రోమీటర్ల మధ్య ఉంటే లోతుగా చేరుతుంది. అంతకన్నా పెద్దవి గొంతులోనే ఆగుతాయి. అర మైక్రోమీటరు చుట్టుపక్కల ఉన్నవాటిలో చాలా భాగం తిరిగి ఊపిరితో బయటికి వచ్చేస్తుంది.

జెట్ నెబులైజర్‌లో ద్రవం పదేపదే చితికి మళ్లీ గిన్నెలోకి చేరుతుంది, ఆ ఒరిపిడికి గుళికలు చిట్లవచ్చు. అల్ట్రాసోనిక్ రకం ద్రవాన్ని వేడెక్కిస్తుంది. కంపించే జల్లెడ ఉన్న మెష్ నెబులైజర్ సాధారణంగా వీటికన్నా సున్నితం. ఏది వాడినా తుంపరను పట్టి, నెబులైజేషన్‌కు ముందూ తర్వాతా బంధనశాతాన్ని కొలవాలి. తుంపర పరిమాణాన్ని నెక్స్ట్ జనరేషన్ ఇంపాక్టర్ అనే పరికరంలో, దానిని 5 డిగ్రీలకు చల్లబరిచి, నిమిషానికి 15 లీటర్ల గాలి ప్రవాహంతో కొలుస్తారు. చల్లబరచకపోతే తుంపర నీరు ఆవిరై, ఉన్నదానికన్నా సన్నగా కనిపిస్తుంది.

వైరస్ సోకిన రోగికి తుంపర మందు ఇస్తే, ఆ గదిలో పనిచేసే నర్సులకు ముప్పు ఉండవచ్చన్న ఆందోళన కోవిడ్ కాలంలో ఎన్నో ఆసుపత్రులను నెబులైజర్లకు దూరం పెట్టింది. మీ ప్రణాళికలో నిశ్వాసానికి వడపోత ఉన్న మౌత్‌పీస్ తప్పక ఉండాలి. ప్రాజెక్టు ప్రతిపాదనలోనే దీనిని రాయండి.

కణాలు, ఆపై జంతువులు

కణాల పరీక్షలో అందరూ మాక్రోఫేజ్‌లకు ఎల్‌పీఎస్ అనే బాక్టీరియా పదార్థాన్ని ఇచ్చి, శోథ సూచికలైన ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా ప్రోటీన్లు ఎంత తగ్గాయో చూస్తారు. అది ఒక మెట్టు మాత్రమే. మనం మాట్లాడుతున్నది వైరస్ వ్యాధి గురించి కాబట్టి, వైరస్ ఆర్‌ఎన్‌ఏను పోలిన పాలీ ఐసీ, లేదా వైరస్ ఆర్‌ఎన్‌ఏను పసిగట్టే టీఎల్‌ఆర్-7, 8 గ్రాహకాలను తట్టే ఆర్848 అనే పదార్థం ఇచ్చి కూడా కొలవాలి. శోథ సూచికలు తగ్గడం ఒక్కటే చూస్తే సరిపోదు. కణాలు చచ్చిపోయినా అవి తగ్గుతాయి. కాబట్టి కణాల ప్రాణశక్తితోపాటు, స్టెరాయిడ్ గ్రాహకం నిజంగా మేల్కొన్నప్పుడు పెరిగే ఎఫ్‌కేబీపీ5, జిల్జ్ జన్యువులను కొలవండి.

ఈ దశకు ముందే గుళికల్లో ఎండోటాక్సిన్ (ఎల్‌పీఎస్ వంటి బాక్టీరియా విషపదార్థం) పరీక్ష చేయాలి. సోయా లిపిడ్లలోనో నీటిలోనో ఎండోటాక్సిన్ కొద్దిగా ఉన్నా, మందు అణచవలసిన శోథాన్ని గుళికే రేపుతుంది. లిపిడ్లు ఆ పరీక్షకు అడ్డుపడగలవు కాబట్టి, తెలిసిన మోతాదు ఎండోటాక్సిన్‌ను నమూనాలో కలిపి అది తిరిగి లెక్కకు వస్తోందా అని ప్రతిసారీ చూడాలి.

ప్రతి ప్రయోగంలో కనీసం నాలుగు గుంపులు ఉండాలి: లైపోజోమ్‌లోని మందు, అదే మోతాదు విడి మందు, ఖాళీ లైపోజోమ్, ఖాళీ లైపోజోమ్‌తో కలిపిన విడి మందు. నాలుగోది చాలామంది వదిలేస్తారు. మేలు మందును బంధించడం వల్ల వచ్చిందా, కొవ్వు పక్కన ఉండటం వల్ల వచ్చిందా అన్నది చెప్పగలిగేది అదొక్కటే. ఖాళీ గుళికలను మింగినందుకే మాక్రోఫేజ్‌ల ప్రవర్తన మారడం అరుదేమీ కాదు.

జంతువుల మోతాదు లెక్కలో పొరపాటు జరిగితే అధ్యయనమంతా తప్పుదారి పడుతుంది. మనిషికి రోజుకు 6 మి.గ్రా. అంటే 60 కిలోల మనిషికి కిలోకు 0.1 మి.గ్రా. శరీర ఉపరితల లెక్క ప్రకారం చుంచెలుకకు దానిని 12.3తో హెచ్చిస్తే కిలోకు సుమారు 1.2 మి.గ్రా. వస్తుంది, హామ్‌స్టర్‌కు 7.4తో హెచ్చిస్తే సుమారు 0.74 వస్తుంది. కిలోకు 5 లేదా 10 మి.గ్రా. ఇచ్చి అద్భుతమైన ఫలితం చూపించే పరిశోధన మనిషికి ఎన్నడూ ఇవ్వని మోతాదు గురించి మాట్లాడుతోంది. 20 గ్రాముల చుంచెలుకకు మనకు కావలసింది 25 మైక్రోగ్రాములే. శ్వాసనాళంలోకి 50 మైక్రోలీటర్లు ఇస్తే, పైన తయారైన మందును అయిదింతలు పలుచన చేయాలి. ఆ పలుచనలో మందు కారడం లేదని ముందుగా కొలిచి చూసుకోవాలి. దీనితోపాటు నాలుగో వంతు మోతాదును కూడా పరీక్షించండి. ఊపిరితిత్తులకు నేరుగా ఇచ్చినప్పుడు ఆ తక్కువ మోతాదు పనిచేయకపోతే, శ్వాస దారి ఎంచుకున్నందుకు దక్కిన లాభం ఏమిటో చెప్పడం కష్టం.

మొదట ఎల్‌పీఎస్ లేదా పాలీ ఐసీతో ఊపిరితిత్తులకు హాని కలిగించిన చుంచెలుకల్లో పని చూసి, మంచి ఫలితం ఉంటేనే నిజమైన వైరస్‌కు వెళ్లాలి. కరోనా వైరస్‌కు బంగారు సిరియన్ హామ్‌స్టర్, వైరస్ కణంలోకి చొరబడటానికి పట్టుకునే మానవ ఏసీఈ2 గ్రాహకపు జన్యువు ఉన్న కే18 చుంచెలుక వాడుకలో ఉన్నాయి. వీటికి మూడో స్థాయి జీవభద్రత గల ప్రయోగశాల కావాలి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) వంటి సంస్థలు కరోనా వైరస్‌ను పెంచి పనిచేసిన అనుభవం ఉన్నవి, అలాంటిచోట భాగస్వామిని వెతుక్కోవడమే మార్గం. మన కళాశాలలో ఆ వసతి లేకుండా చేయాలనుకోకూడదు.

మందును వైరస్ సోకిన రోజునే ఇవ్వకండి. ఆ జంతువులో వైరస్ శిఖరానికి చేరిన తర్వాత ఇచ్చే గుంపు ప్రధానం. ముందుగా ఇచ్చే గుంపును హాని తెలుసుకోవడం కోసమే పెట్టాలి. ఊపిరితిత్తులను కడిగిన ద్రవంలో న్యూట్రోఫిల్ కణాలు, ప్రోటీన్, ఐఎల్-6 ఎంత ఉన్నాయో కొలిచినరోజే వైరస్ కణాలను కూడా ప్లాక్ పరీక్షతో లెక్కించాలి. శోథం తగ్గి వైరస్ మిగిలిపోతే అది విజయం కాదు. అలాగే రక్తంలో చక్కెర, కార్టికోస్టెరోన్ (జంతువు సొంత స్టెరాయిడ్ హార్మోను), రోగనిరోధక అవయవమైన థైమస్ బరువు తప్పక చూడాలి. విడి మందు గుంపులో ఈ మూడూ దెబ్బతిని, లైపోజోమ్ గుంపులో అవి కుదురుగా ఉంటేనే, ఒళ్లంతా పాకే స్టెరాయిడ్‌ను ఊపిరితిత్తుల దగ్గరే ఆపగలిగామని చెప్పే హక్కు వస్తుంది. బ్లాక్ ఫంగస్ చూసిన మన ప్రాంతపు పరిశోధకులు ఈ కొలతలను అనుబంధ పట్టికలో కాకుండా ప్రధాన ఫలితాల్లో పెట్టాలని నా మనవి.

పత్రాలు, బ్యాచ్‌లు

జంతువుల పరీక్షకు సంస్థాగత నైతిక సంఘం అనుమతి ముందుగా ఉండాలి. మన దేశంలో నానో మందుల మూల్యాంకనానికి కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి), సీడీఎస్‌సీఓ (కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ) కలిసి 2019లో మార్గదర్శకాలు విడుదల చేశాయి. ఏయే కొలతలు ఎప్పుడు కావాలో వాటిలో ఉంది. మొదటి బ్యాచ్ చేసే ముందే వాటిని చదివితే, తర్వాత అవసరమైన కొలతల కోసం పాత నమూనాలను వెతుక్కునే అవస్థ తప్పుతుంది. కనీసం మూడు స్వతంత్ర బ్యాచ్‌లలో, వేర్వేరు లిపిడ్ లాట్‌లతో, ఒకే పరిమాణం, ఒకే బంధనం, సర్ఫాక్టెంట్‌లో ఒకే విడుదల రాకుండా జంతువుల దశకు వెళ్లకండి. తయారైన మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి, మొదటి నెలలో వారానికొకసారి, తర్వాత నెలకొకసారి, ఆరు నెలల వరకు పరిమాణాన్నీ, విడి డెక్సామెథాసోన్ శాతాన్నీ చూడండి. నీటిలో ఎస్టర్ తెగిపోవడం ఆగకపోతే, సుక్రోజ్ లేదా ట్రెహలోజ్ కలిపి ఫ్రీజ్ డ్రైయింగ్ చేయవలసి వస్తుంది. అప్పుడు తిరిగి నీరు కలిపిన వెంటనే సర్ఫాక్టెంట్ విడుదల పరీక్షను మళ్లీ మొదటి నుంచి చేయాలి.